చిన్న ప్రొసీజర్లకి మత్తు, నొప్పి మందులు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఆస్పత్రిలో మత్తు విభాగంలో పనిచేస్తాను. కుట్లు, గడ్డ కోయడం, పన్ను తీయడం, ఎండోస్కోపీ, విరిగిన చెయ్యి సరిచేయడం, పిల్లలకి స్కాన్ లాంటి వాటి ముందు అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. చాలామంది డాక్టర్‌ని అడగడానికి మొహమాటపడి బయట కుర్చీల్లో పక్కన కూర్చున్నవాళ్ళని అడుగుతారు. అక్కడ దొరికే జవాబుతో టెన్షన్ ఇంకా పెరుగుతుంది. అందుకే ఆ ప్రశ్నలన్నీ అడిగినవాళ్ళ మాటల్లోనే ఇక్కడ పెట్టాను. మీకు కావలసిన ప్రశ్నకి నేరుగా వెళ్ళిపోవచ్చు. మీ ఆరోగ్యం సంగతి తెలిసిన డాక్టర్ ఏదైనా వేరేగా చెబితే ఆ మాటే వినండి.

## నిర్ణయం తీసుకునే ముందు

ఇంత చిన్న పనికి మత్తెందుకు? కాసేపు ఓర్చుకుంటే పోదా?

ఓర్చుకోగలరు సరే, ఓర్చుకోవాల్సిన అవసరం ఏముంది? నొప్పి పుట్టగానే బీపీ, గుండె వేగం పెరుగుతాయి, కండరాలు బిగుసుకుంటాయి, మనిషి తెలియకుండానే కదులుతాడు. కదిలితే చేసే పని సరిగ్గా కుదరదు. గడ్డలో చీము పూర్తిగా పోదు, కుట్లు వంకరగా పడతాయి. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి ఉంది. ఒకసారి బాధపడ్డవాళ్ళు రెండోసారి రారు. పన్ను తీయించుకున్నప్పటి భయంతో ఏళ్ళ తరబడి డెంటిస్ట్ గడప తొక్కనివాళ్ళు మీ ఇంట్లోనే ఒకరుంటారు. నొప్పి లేకుండా చేయమని అడగడం గారాబం కాదు, వైద్యంలో అది భాగం.

లోకల్, సెడేషన్, జనరల్ అంటారు. అన్నీ మత్తే కదా, తేడా ఏంటి?

లోకల్ అంటే పని చేసే చోట మాత్రమే మొద్దుబారేలా ఇచ్చే ఇంజెక్షన్, స్ప్రే లేదా క్రీమ్. ఊరంతా కరెంటు ఉండగా ఒక్క వీధికి ఆపినట్టు, ఆ నరం నుంచి నొప్పి కబురు మెదడుకి వెళ్ళదు. మీరు పూర్తి స్పృహలో ఉంటారు. దీనికి ఎక్కువగా వాడేది లిగ్నోకెయిన్, మనవాళ్ళ మాటల్లో జైలోకెయిన్.

సెడేషన్ అంటే రక్తనాళంలోకి, లేదా నోటి ద్వారానో ముక్కు ద్వారానో మందిచ్చి మనిషిని నిమ్మళింపజేయడం. ఇందులో మెట్లున్నాయి. తేలిక మెట్టులో మామూలుగానే మాట్లాడతారు, భయం మాత్రం తగ్గుతుంది. మధ్య మెట్టులో కునుకు పడుతుంది, పేరు పెట్టి పిలిస్తే పలుకుతారు. లోతు మెట్టులో గట్టిగా తట్టితే గానీ కదలరు, ఊపిరికి సాయం అవసరం పడవచ్చు. జనరల్‌లో ఏం చేసినా తెలియదు, ఊపిరి బాధ్యత చాలావరకు మత్తు డాక్టర్‌దే.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. నిద్ర రప్పించే మందులన్నీ నొప్పి తగ్గించవు. మిడజోలం భయాన్ని తీసేస్తుంది, జరిగింది గుర్తులేకుండా చేస్తుంది, నొప్పిని మాత్రం తగ్గించదు. అందుకే దానికి తోడుగా ఫెంటానిల్ లాంటి నొప్పి మందో, లోకలో ఇస్తారు. "నిద్రకి మందిస్తున్నారు సరే, నొప్పికి ఏమిస్తున్నారు?" అని విడిగా అడగండి.

ఎండోస్కోపీకి గొంతులో స్ప్రే చాలా, నిద్రమత్తు తీసుకోవాలా?

పొట్ట పైభాగం చూసే మామూలు ఎండోస్కోపీ కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. స్ప్రేతోనే చేయించుకుని లేచి ఆఫీసుకి వెళ్ళినవాళ్ళు బోలెడు మంది. అందులో నొప్పికన్నా ఓకరింపు, ఊపిరాడనట్టు అనిపించే కంగారు ఎక్కువ. బ్రష్ చేసేటప్పుడే ఓకరింపు వచ్చేవాళ్ళు, బాగా భయపడేవాళ్ళు నిద్రమత్తు అడగొచ్చు. ఇంట్లో తోడు వచ్చేవాళ్ళు లేకపోతే, అదే రోజు బండి నడపక తప్పదనుకుంటే స్ప్రే మేలు. పెద్దపేగు చూసే కొలనోస్కోపీలో గాలి నింపి పేగు మలుపులు తిప్పాలి కాబట్టి ఎక్కువమందికి సెడేషన్ అవసరమవుతుంది.

కాపర్-టీ వేయించుకోవాలి. నొప్పికి ఏమీ ఇవ్వరా?

"అయిపోయిందమ్మా, ఒక్క నిమిషం" అని చెప్పి చేసేయడం చాలా చోట్ల అలవాటు. కొందరికి నిజంగానే చిన్న పట్టు పట్టినట్టు ఉండి పోతుంది. కొందరికి, ముఖ్యంగా కాన్పు కానివాళ్ళకి, నొప్పి గట్టిగా వస్తుంది, కళ్ళు తిరుగుతాయి. గర్భాశయ ముఖద్వారం పక్కన లిగ్నోకెయిన్ ఇంజెక్షన్ ఇవ్వొచ్చు, జెల్ లేదా స్ప్రే వాడొచ్చు. 2024లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ మార్గదర్శకాల్లో కూడా లిగ్నోకెయిన్ నొప్పి తగ్గించడానికి పనికొస్తుందనీ, నొప్పి గురించి ముందే ప్రతి మహిళతో మాట్లాడాలనీ రాశారు. గర్భాశయం నుంచి పరీక్షకి చిన్న ముక్క (బయాప్సీ) తీసేటప్పుడు కూడా ఇదే మాట. మీరు అడగండి. అడిగినందుకు ఎవరైనా విసుక్కుంటే తప్పు మీది కాదు.

మత్తు డాక్టర్ ఉండాల్సిందేనా? చేసే డాక్టరే ఇచ్చేస్తే కాదా?

ఒక చోట కొద్దిగా లోకల్ ఇచ్చి కుట్లు వేయడానికి అక్కర్లేదు. సెడేషన్‌కి మాత్రం పని చేసే మనిషి ఒకరు, రోగినే చూస్తూ ఉండే మనిషి ఇంకొకరు ఉండి తీరాలి. స్కోప్ మీద కన్ను పెట్టిన డాక్టర్ అదే సమయంలో మీ ఊపిరి లెక్కపెట్టలేరు. ప్రొపోఫాల్ లాంటి నిద్రమత్తు మందుకి విరుగుడు ఇంజెక్షన్ లేదు, డోసు కాస్త ఎక్కువైతే మత్తు ఒక్కసారిగా లోతుకి వెళ్ళిపోతుంది. దాన్ని ఇచ్చే చోట ఊపిరి అందించడం తెలిసినవాళ్ళు పక్కనే ఉండాలి.

ఈ "ఎవరు గమనిస్తున్నారు" అన్న ప్రశ్నకి మన హైదరాబాద్‌తో పాత బంధం ఉంది. ఆ రోజుల్లో వాడిన మత్తు మందు క్లోరోఫామ్ ఇచ్చినప్పుడు ముందు ఊపిరి ఆగుతుందా, గుండె ఆగుతుందా అని తేల్చడానికి 1888లో, 1889లో నిజాం ఖర్చుతో హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు పనిచేశాయి. హైదరాబాద్ బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ వాటిని నడిపించారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరిగా చెప్పుకునే డాక్టర్ రూపాబాయి ఫర్దూంజీ ఆ పనిలో పాల్గొన్నారు. ఊపిరినే చూడండి అన్నది లారీ మాట. క్లోరోఫామ్‌తో గుండె కూడా ఉన్నట్టుండి ఆగవచ్చని తర్వాత తేలింది. ఇప్పుడు రెండూ చూస్తాం. వేలికి పెట్టే క్లిప్ ఆక్సిజన్ చెబుతుంది, ఛాతీ మీది తీగలు గుండె లయ చెబుతాయి, ముక్కు దగ్గరి గొట్టం మీరు వదిలే గాలిని కొలుస్తుంది. మీరు చేయించుకునే చోట ఇవన్నీ ఉన్నాయా, ఆక్సిజన్ ఉందా, చూసే మనిషి విడిగా ఉన్నారా అని అడగడం మీ హక్కు.

మా అమ్మకి మత్తు పడలేదు. నాకూ పడదేమో?

"పడలేదు" అంటే ఏం జరిగిందో ముందు తెలుసుకోండి. వాంతులయ్యాయా, ఆలస్యంగా లేచారా, ఒళ్ళంతా దద్దుర్లు వచ్చి బీపీ పడిపోయిందా? మూడూ మూడు వేరు సంగతులు. పంటి దగ్గర ఇంజెక్షన్ ఇచ్చాక గుండె దడదడలాడితే చాలావరకు అది ఎలర్జీ కాదు, లోకల్‌లో కలిపే అడ్రినలిన్ పని. లిగ్నోకెయిన్‌కి అసలైన ఎలర్జీ చాలా అరుదు. మన దగ్గర చిన్న టెస్ట్ డోస్ వేసి చూసే అలవాటుంది, కానీ అది బాగున్నంత మాత్రాన పూర్తి భరోసా లేదు. అత్యవసర మందులు చేతికందేలా ఉండటమే అసలు జాగ్రత్త. రక్తసంబంధీకుల్లో ఎవరికైనా జనరల్ మత్తులో విపరీతమైన జ్వరం వచ్చినా, ప్రాణం మీదికి వచ్చినా తప్పక చెప్పండి. వంశంలో నడిచే సమస్యలు కొన్ని ఉన్నాయి. పాత డిశ్చార్జ్ కాగితం ఉంటే వెంట తెచ్చుకోండి.

రోజూ మందు తాగే అలవాటుంది. అందరి ముందూ చెప్పాలా?

అందరి ముందూ అక్కర్లేదు. "డాక్టర్ గారూ, ఒక్క మాట విడిగా" అనండి, ఇంట్లోవాళ్ళని మేమే బయటికి పంపిస్తాం. రోజూ తాగేవాళ్ళకి మామూలు డోసు సరిపోకపోవచ్చు. ఆ రోజు తాగి వస్తే అదే డోసు ఎక్కువైపోవచ్చు. గంజాయి, నిద్రమాత్రలు, గుట్కా, సిగరెట్ అన్నీ చెప్పండి. రాత్రి గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉంటుందని మీ ఆవిడ గానీ ఆయన గానీ ఎప్పుడైనా అన్నారా? అది కూడా చెప్పాల్సిన సంగతే, సెడేషన్‌లో గొంతు మూసుకుపోయే ప్రమాదం వాళ్ళకే ఎక్కువ. అడిగేది తీర్పు చెప్పడానికి కాదు, డోసు కట్టడానికి.

సంతకం పెట్టమంటున్నారు. ఏం జరిగినా మాదే బాధ్యత అనా?

కాదు. ఏం చేస్తారో, ఏ మత్తు ఇస్తారో, ఏ ఇబ్బందులు రావచ్చో, వేరే దారి ఏముందో మీకు చెప్పారని, మీరు ఒప్పుకున్నారని ఆ కాగితం అర్థం. నిర్లక్ష్యానికి అది మాఫీ పత్రం కాదు. పరీక్ష కోసం ఇచ్చిన అనుమతిని ఆపరేషన్‌కి వాడుకోకూడదని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చదివి చెప్పమనండి. మేజర్ అయిన మనిషి సొంతంగా సంతకం పెట్టాలి, భర్తో కొడుకో పెడితే సరిపోదు.

## ముందు రోజు, ఆ రోజు పొద్దున్న

ఎన్ని గంటలు ఖాళీ కడుపుతో ఉండాలి? కాస్త కాఫీ తాగితే ఏమవుతుంది?

సెడేషన్, జనరల్ రెండింటికీ పాటించే లెక్క ఇది. మంచినీళ్ళు 2 గంటల ముందు వరకు తాగొచ్చు. తల్లిపాలు 4 గంటలు. డబ్బా పాలు, మామూలు పాలు, ఇడ్లీ లాంటి తేలిక టిఫిన్ 6 గంటలు. పూరీ, బిర్యానీ, మాంసం లాంటివి 8 గంటలు.

పాలు కలిపిన కాఫీ, టీ, మజ్జిగ, గుజ్జున్న జ్యూస్ నీళ్ళ లెక్కలోకి రావు. మత్తులో దగ్గు, మింగుడు మందగిస్తాయి. కడుపులో ఉన్నది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది, ప్రాణమే పోవచ్చు. పొద్దున్నే వచ్చిన పెద్దావిడని "ఏమైనా తిన్నారా అమ్మా" అంటే "ఏమీ లేదు నాయనా" అంటారు. "టిఫినూ?" అంటే "లేదు". "ఇడ్లీ?" అంటే "రెండే, మాత్ర వేసుకోవాలి కదా" అంటారు. పాపం ఆవిడ దృష్టిలో రెండిడ్లీలు తిండి కాదు. తిన్నా తాగినా ఉన్నది ఉన్నట్టు చెప్పండి, కొన్ని గంటలు వెనక్కి జరుపుతాం, అంతే. ఎవరూ కోప్పడకూడదు.

ఇంకో తప్పు దీనికి ఎదురుగా జరుగుతోంది. "రాత్రి 10 తర్వాత నీళ్ళు కూడా ముట్టొద్దు" అని మధ్యాహ్నం 2 గంటలదాకా ముసలివాళ్ళని, పసిపిల్లల్ని ఎండబెడతారు. నీళ్ళు ఎప్పటివరకు తాగొచ్చో గంట చెప్పమని అడగండి.

ఉత్త లోకలే అన్నారు. దానికీ ఖాళీ కడుపేనా?

చాలావరకు అక్కర్లేదు. పన్ను తీయించుకోవడానికి, కుట్లకి, గోరుచుట్టు కోయించుకోవడానికి తేలికగా తినే రండి. ఖాళీ కడుపు, భయం, ఉక్కపోత మూడూ కలిస్తే కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళు ఎక్కువ. అవసరమైతే సెడేషన్ కూడా ఇవ్వాల్సి రావచ్చని ముందే చెప్పి ఉంటే మాత్రం తినకుండా రావాలి.

బీపీ, షుగర్ మాత్రలు, రక్తం పల్చబడే మాత్రలు ఆపాలా?

సొంతంగా ఏదీ ఆపొద్దు. బీపీ మాత్ర చాలావరకు పొద్దున్నే గుక్కెడు నీళ్ళతో వేసుకోమంటారు, కొన్ని రకాలు మాత్రం ఆ రోజుకి ఆపమంటారు. తినకుండా ఉన్న రోజు షుగర్ మాత్ర, ఇన్సులిన్ మామూలు డోసులో వేసుకుంటే షుగర్ పడిపోతుంది, అందుకే తగ్గిస్తారు. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు సాధారణంగా 3 రోజుల ముందే ఆపమంటారు, షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం వాటితో ఉంది. షుగర్‌కో, బరువు తగ్గడానికో సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ తీసుకునేవాళ్ళకి తిండి కడుపులో ఎక్కువసేపు నిలుస్తుంది, ఆ సంగతి తప్పక చెప్పండి.

రక్తం పల్చబడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ విషయం ఇంకా జాగ్రత్త. పన్ను పీకేటప్పుడు రక్తం కారుతుందని వాటిని ఆపుకుని స్టెంట్ మూసుకుపోయే స్థితి తెచ్చుకోవద్దు. గుండె డాక్టర్, ప్రొసీజర్ చేసే డాక్టర్ ఇద్దరూ ఒప్పుకున్నాకే ఆపాలి. మాత్రల పేర్లు గుర్తులేకపోతే అట్టలన్నీ ఒక కవర్లో వేసుకుని రండి.

జలుబు చేసింది. వాయిదా వేయాలా?

లోకల్‌కి పెద్ద ఇబ్బంది లేదు. సెడేషన్‌కైతే ముందే ఫోన్ చేసి చెప్పండి. జ్వరం, కఫంతో దగ్గు, పిల్లికూతలు ఉంటే, ముఖ్యంగా పిల్లల్లో, అత్యవసరం కాని పనిని కొన్ని వారాలు ఆపడమే మంచిది. ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్ వెంట తెచ్చుకోండి.

గోరింటాకు, నెయిల్ పాలిష్, పుస్తెలు… ఇవన్నీ తీసేయాలా?

ముదురు రంగు నెయిల్ పాలిష్, నల్లగా పండే హెన్నా వేలి క్లిప్ అంకెని తప్పు చూపించొచ్చు. పాలిష్ ఒక వేలికైనా తుడుచుకు రండి. గోరింటాకు పండిందని ప్రొసీజర్ మానుకోవద్దు, క్లిప్ చెవికి పెట్టొచ్చు. ఎమ్మారై గదిలోకి ఏ లోహమూ వెళ్ళకూడదు. కరెంటుతో రక్తనాళాలు మాడ్చే పనుంటే నగల దగ్గర చర్మం కాలే ప్రమాదముంది. పుస్తెలు తీయడానికి మనసొప్పకపోతే ముందే చెప్పండి, ఏ పనికి తీయక తప్పదో, దేనికి టేప్ వేసి ఉంచొచ్చో చూస్తారు. కట్టుడు పళ్ళు, కదిలే పళ్ళ సంగతి మర్చిపోకుండా చెప్పండి.

## బల్ల ఎక్కాక

లోకల్ ఇంజెక్షనే అన్నిటికన్నా నొప్పి అంటారు. నిజమేనా?

ఇచ్చే పద్ధతి మీద ఉంటుంది. లిగ్నోకెయిన్ మందు కాస్త ఆమ్లంగా ఉంటుంది, అందుకే లోపలికి వెళ్ళేటప్పుడు మండుతుంది. సోడియం బైకార్బనేట్ కలిపితే, మందుని ఒంటి వేడికి తెస్తే ఆ మంట తగ్గుతుంది. అన్నిటికన్నా పనిచేసేది నెమ్మది. సన్నని సూదితో, గాయం అంచు లోపలినుంచి గుచ్చి, ఒక్కో చుక్కగా తోస్తూ, రెండో పోటు అప్పటికే మొద్దుబారిన చోట వేస్తే మొదటి చురుకు తప్ప ఏమీ తెలియదు. ఆ తర్వాత రెండు నుంచి అయిదు నిమిషాలు ఆగాలి. ఆగకుండా వెంటనే కత్తి పెట్టడం వల్లే చాలామందికి "నాకు లోకల్ పనిచేయలేదు" అనిపిస్తుంది. "మందెక్కిందో లేదో ఒకసారి గుచ్చి చూడండి" అని మీరే అనొచ్చు.

గడ్డకి, పిప్పి పన్నుకి లోకల్ పనిచేయదంటారు?

చీము పట్టి వాచిన చోట ఆమ్లం ఎక్కువ, రక్తప్రసరణ కూడా ఎక్కువ. అక్కడ మందు నరంలోకి సరిగ్గా దిగదు, త్వరగా కొట్టుకుపోతుంది. కాబట్టి ఆ మాటలో నిజముంది. కానీ దానర్థం కేకలు పెడుతూ కోయించుకోవాలని కాదు. గడ్డ మధ్యలో కాకుండా చుట్టూ ఇస్తారు, లేదా ఆ భాగానికి వెళ్ళే నరం మొదట్లో బ్లాక్ ఇస్తారు. వేలికి రెండు పక్కలా, కింది దవడకి వెనక మూలలో ఇచ్చేది అదే. గడ్డ పెద్దదైతే, మలద్వారం దగ్గరుంటే, షుగర్ రోగికి లోతుగా ఉంటే సెడేషన్ లేదా జనరల్ అడగడంలో తప్పే లేదు.

మొద్దుబారిందన్నారు, అయినా లాగుతున్నట్టు తెలుస్తోంది. మందు చాల్లేదా?

లోకల్ నొప్పిని ఆపినంతగా ఒత్తిడిని, లాగుడిని ఆపదు. లాగినట్టు, నొక్కినట్టు ఉండటం మామూలే. కోసినట్టు, పొడిచినట్టు చురుక్కుమంటే చాల్లేదని అర్థం, వెంటనే చెప్పండి. నోట్లో పని జరుగుతుంటే మాట్లాడలేరు కాబట్టి ఎడమ చెయ్యెత్తితే ఆపాలని ముందే అనుకోండి. ఇంకా మందివ్వొచ్చు, దానికి బరువుని బట్టి హద్దుంది. అడ్రినలిన్ లేని లిగ్నోకెయిన్ కిలోకి 4.5 మిల్లీగ్రాములు, కలిపినదైతే 7 దాటకూడదు. నోటి చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, నాలుక మీద లోహం రుచి తెలిస్తే వెంటనే చెప్పాలి, మందు రక్తంలోకి ఎక్కువ వెళ్తోందనడానికి అవి గుర్తులు.

సెడేషన్ ఇచ్చినప్పుడు అసలేం తెలుస్తుంది?

ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెడతారు, చేతికి బీపీ పట్టీ బిగుసుకుంటుంది, మెషీన్ టిక్ టిక్‌మంటుంది. ప్రొపోఫాల్ పాలలా తెల్లగా ఉంటుంది, చేతి రక్తనాళంలో ఎక్కేటప్పుడు కాసేపు గట్టిగా మండుతుంది. ఆ మంట మామూలే, పది పదిహేను సెకన్లలో పోతుంది. చేతి రక్తనాళం ఉబ్బి వాస్తే మాత్రం చెప్పండి. తర్వాత మీకు గుర్తుండేది "అయిపోయింది, లేవండి" అన్న మాట. మిడజోలం ఇస్తే మధ్యలో మాట్లాడి ఉంటారు, తర్వాత గుర్తుండదు. డాక్టర్ ఏం చెప్పారో గుర్తుండదు కాబట్టి రిపోర్టు సంగతులు తోడు వచ్చినవాళ్ళ ముందే చెప్పించుకోండి.

మత్తులో ఇంటి గుట్టంతా బయటపెట్టేస్తానా?

ఈ భయంతో మత్తు వద్దనేవాళ్ళు నిజంగా ఉన్నారు. మత్తు మందు నిజాలు చెప్పించే మందు కాదు. కొందరు ముద్దముద్దగా రెండు మాటలంటారు, కొందరు నవ్వుతారు, కొందరు లేస్తూ ఏడుస్తారు. ఎక్కువమంది ఊరికే నిద్రపోతారు. ఏదైనా అన్నా ఆ గదిలోవాళ్ళు దాన్ని బయటికి చెప్పకూడదు, వృత్తి ధర్మం అది.

మధ్యలో ఊపిరి ఆగిపోతే?

సెడేషన్‌లో భయపడాల్సిన ప్రమాదం ఇదే, దీన్ని దాచడం నాకిష్టం లేదు. డోసు కాస్త ఎక్కువైతే ఊపిరి మందగిస్తుంది, నాలుక వెనక్కి పడుతుంది. పక్కనున్న మనిషి వెంటనే గడ్డం పైకెత్తి, మాస్క్‌తో ఆక్సిజన్ అందిస్తే చాలావరకు నిమిషంలో సర్దుకుంటుంది. ఫెంటానిల్‌కి నలోక్సోన్, మిడజోలంకి ఫ్లుమజెనిల్ విరుగుళ్ళు. గమనించే మనిషి, ఆక్సిజన్, మాస్క్ లేని చోట ఇదే సంఘటన ప్రాణాంతకమవుతుంది. చవకని చూసుకుని అలాంటి చోట నిద్రమత్తు తీసుకోవద్దు.

## పిల్లల సంగతి

నలుగురు పట్టుకుంటే రెండు కుట్లు వేసేయొచ్చు కదా?

వేయొచ్చు. ఆ తర్వాత ఆ పిల్లాడు తెల్లకోటు కనిపిస్తే చాలు ఏడుస్తాడు, టీకాకి కూడా రాడు. కాస్త టైముంటే వేరే దార్లున్నాయి. లిగ్నోకెయిన్, ప్రిలోకెయిన్ కలిపిన క్రీమ్ సూది గుచ్చే చోట మందంగా రాసి పైన ప్లాస్టిక్ అంటించి గంట ఉంచితే గుచ్చినట్టు పెద్దగా తెలియదు. అది తెగిన గాయం మీద కాదు, బాగున్న చర్మం మీదే రాయాలి. నెలల పిల్లలకి డాక్టర్ చెప్పిన కొలత దాటకూడదు. పసిపాపలకి సూది వేసేటప్పుడు తల్లి పాలు పట్టిస్తే నొప్పి నిజంగానే తగ్గుతుంది. పెద్దపిల్లలకి ముక్కులో చుక్కలుగా మిడజోలం ఇవ్వొచ్చు.

అమ్మానాన్నలకి ఒక విన్నపం. "ఏమీ కాదు, నొప్పే ఉండదు" అని అబద్ధం చెప్పొద్దు. "ఒకసారి చీమ కుట్టినట్టుంటుంది, నేను చెయ్యి పట్టుకుంటా" అనండి. అల్లరి చేస్తే డాక్టర్ సూదేస్తాడని ఇంట్లో బెదిరించడం కూడా మానేయండి.

మత్తిచ్చారు, కానీ బాబు కళ్ళు తెరిచే ఉన్నాయి. తెలుస్తోందేమో?

అది కెటమిన్ అయి ఉంటుంది. విరిగిన చెయ్యి సరిచేయడానికి, కాలిన గాయాల కట్లు మార్చడానికి పిల్లల్లో బాగా వాడతారు. కళ్ళు తెరిచి, అటూ ఇటూ ఊగుతూ ఉండొచ్చు, లాలాజలం కారొచ్చు. మెదడుకి బయటి లోకంతో లంకె తెగినట్టు ఉంటుంది, నొప్పి తెలియదు. ఊపిరిని తక్కువగా దెబ్బతీస్తుంది, నొప్పినీ తగ్గిస్తుంది. లేచేటప్పుడు కొందరు కలవరిస్తారు, వాంతి చేసుకుంటారు. దీపాలు తగ్గించి, మెల్లగా మాట్లాడుతూ పక్కన కూర్చోండి.

స్కాన్ కోసం నిద్రమందు సిరప్ ఇచ్చారు. ఇంట్లోనే పట్టించి తీసుకురావచ్చా?

వద్దు. ట్రైక్లోఫాస్ సిరప్ ఆస్పత్రికి వచ్చాకే, గమనించేవాళ్ళ ముందే ఇవ్వాలి. దారిలో ఒళ్ళో తల ముందుకి వాలిపోతే గొంతు మూసుకుపోతుంది, బైక్ మీద అయితే మీకు తెలియనే తెలియదు. ముందు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి పొద్దున్నే లేపితే చాలామంది పిల్లలు తక్కువ మందుతోనే నిద్రపోతారు. మందు పనిచేయలేదని ఇంకో డోసు మీరే పట్టొద్దు. ఇంటికి తీసుకెళ్ళేటప్పుడు కూడా తల వాలకుండా ఒక మనిషి కనిపెట్టి ఉండాలి.

మత్తు వల్ల పాప మెదడు దెబ్బతింటుందా? చదువు రాదంటారు.

అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో హెచ్చరించింది మూడేళ్ళలోపు పిల్లల్లో 3 గంటలు దాటిన మత్తు గురించి, పదే పదే ఇచ్చే మత్తు గురించి. ఒక్కసారి, కొద్దిసేపు ఇచ్చే మత్తుతో తెలివితేటలకి నష్టం ఉంటుందని ఇప్పటివరకు జరిగిన పెద్ద పరిశోధనల్లో కనబడలేదు. అవసరమైన స్కాన్‌నీ, చికిత్సనీ ఈ భయంతో ఆపొద్దు. ఆగగల పని అయితే డాక్టర్‌తో మాట్లాడి వాయిదా వేసుకోవచ్చు.

## ఇంటికి వెళ్ళాక

ఎప్పుడు తినొచ్చు? పెదవి ఇంకా మొద్దుగానే ఉంది.

గొంతు స్ప్రే తర్వాత గంటసేపు ఏమీ వద్దు, ఆ తర్వాత ముందు గుక్కెడు నీళ్ళు తాగి చూడండి. పొలమారకపోతే తినొచ్చు. పంటి ఇంజెక్షన్ తర్వాత పెదవి, చెంప 2 నుంచి 4 గంటలు మొద్దుగా ఉంటాయి. వేడివేడి కాఫీ తాగితే కాలినట్టు తెలియదు. పిల్లలు సరదాగా పెదవి కొరుక్కుంటారు, సాయంత్రానికి అది పుండై వాస్తుంది. తిమ్మిరి పోయేదాకా వాళ్ళని కనిపెట్టి ఉండండి.

బాగానే ఉన్నాను, బండి నడపొచ్చా?

ఉత్త లోకల్ అయితే, పని చేసిన చెయ్యి కాలు మొద్దుగా లేకపోతే నడపొచ్చు. సెడేషన్ తీసుకుంటే 24 గంటలు వద్దు. మీకు బాగానే అనిపిస్తుంది, కానీ బ్రేక్ వేయడానికి పట్టే క్షణం పెరిగి ఉంటుంది. ఆ రోజు మద్యం, నిద్రమాత్రలు వద్దు. మోటారు, గ్రైండర్ దగ్గర పని వద్దు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో, బ్యాంకులో సంతకాలు కూడా మర్నాటికి పెట్టుకోండి.

మత్తు దిగాక నొప్పి మొదలైంది. ఏ మాత్ర వేసుకోవాలి?

తిమ్మిరి పూర్తిగా పోకముందే మొదటి మాత్ర వేసుకుంటే నొప్పి ముదరదు. ఎక్కువమందికి పారాసెటమాల్ చాలు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి రోజంతా కలిపి 4 గ్రాములు దాటకూడదు. సన్నగా ఉన్నవాళ్ళకి, లివర్ జబ్బున్నవాళ్ళకి, రోజూ తాగేవాళ్ళకి ఇంకా తక్కువ. ఇక్కడే అందరూ పొరపడతారు. చీటీలో రాసిచ్చిన అసెక్లోఫెనాక్ మాత్రలో తరచుగా పారాసెటమాల్ కలిసే ఉంటుంది, దానిమీద జ్వరం మాత్ర వేస్తే అది రెండింతలు. అట్ట వెనక చదవండి.

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, రక్తం పల్చబడే మందులు ఉన్నవాళ్ళు, గర్భిణులు సొంతంగా వాడొద్దు. డెంగీ అనుమానం ఉన్నా వద్దు. పిల్లలకి పారాసెటమాల్ ఒక డోసుకి కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, రోజుకి నాలుగుసార్లకి మించకుండా. చుక్కల మందులో సాధారణంగా 1 మిల్లీలీటర్‌కే 100 మిల్లీగ్రాములుంటాయి, సిరప్‌లో 5 మిల్లీలీటర్లకి 125 లేదా 250. సీసా మారితే కొలత మారుతుంది. నిమెసులైడ్ 12 ఏళ్ళలోపు పిల్లలకి ఇవ్వకూడదు, 2011లోనే మన దేశంలో ఆపేశారు.

పాలిచ్చే తల్లిని. పాలు పిండి పారబోయాలా?

అక్కర్లేదు. ప్రొపోఫాల్, మిడజోలం, ఫెంటానిల్ ఒక్కసారి ఇచ్చాక పూర్తిగా మెలకువ వచ్చి, పాపని భద్రంగా పట్టుకోగలిగితే పాలివ్వొచ్చు. లోకల్‌కి అసలు ఇబ్బందే లేదు. నొప్పికి ట్రమడాల్, కోడీన్ రాస్తే మాత్రం పాలిస్తున్నానని చెప్పి మార్పించుకోండి. ఆ రాత్రి పాపని పక్కలో వేసుకోవద్దు, ఉయ్యాల్లో పడుకోబెట్టండి.

ఏం జరిగితే మళ్ళీ ఆస్పత్రికి పరిగెత్తాలి?

లేపినా సరిగ్గా లేవకపోతే, ఊపిరి గురగురలాడుతూ ఆగి ఆగి వస్తుంటే, పెదవులు నీలంగా మారితే 108కి ఫోన్ చేయండి, అంబులెన్స్ వచ్చేవరకు పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్ళు పోయొద్దు. ఆగని వాంతులు, ఛాతీ నొప్పి, ఒళ్ళంతా దద్దుర్లు, ఎండోస్కోపీ తర్వాత పొట్ట గట్టిపడి విపరీతమైన నొప్పి, నల్లటి విరేచనం, గుడ్డ ఒత్తి పెట్టినా ఆగని రక్తం, 24 గంటలైనా పోని తిమ్మిరి, చలిజ్వరం వీటిలో ఏదొచ్చినా తెల్లారేదాకా ఆగకుండా వెళ్ళండి. ఇచ్చిన మందుల పేర్లున్న కాగితం వెంట తీసుకెళ్ళండి.